నెట్ సరిగా అందని బడిలో ఇంటరాక్టివ్ సైన్స్ పాఠాలు: సలహా కావాలి

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా తరగతిలో టచ్ ప్యానెల్ ఉంది కానీ నెట్ నిలకడగా ఉండదు. అందుకని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ ప్రారంభించిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లను, అంటే తెర మీదే ప్రయోగాలు చేసి చూడగలిగే కృత్యాలను, ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తున్నాను.

మొన్న పదో తరగతికి విద్యుత్ వలయాల పాఠం చెబుతూ, ప్యానెల్ మీద బ్యాటరీ, బల్బు, తీగలు కలపమని ఒక అమ్మాయిని పిలిచాను. వలయం పూర్తికాగానే నీలిరంగు ఎలక్ట్రాన్లు కదలడం చూసి, "కరెంటు బల్బులో ఖర్చవుతుంది కదా సార్, మరి అవతలి వైపు కూడా అన్నే వస్తున్నాయేంటి?" అని అడిగింది. ఇన్నేళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. ఖర్చయ్యేది శక్తి తప్ప విద్యుదావేశం కాదని ఆ రోజు తరగతి మొత్తానికీ అర్థమైంది.

అయితే ఒకరు ప్యానెల్ దగ్గరుంటే మిగతా నలభై మంది చూస్తూ కూర్చోవలసి వస్తోంది, ఇదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ముందుగా ఫలితాన్ని ఊహించి నోటుపుస్తకంలో రాయించడం మొదలుపెట్టాను గానీ, అది చాలడం లేదు. మీలో ఎవరైనా ఒకే తెరతో పిల్లలందరి చేతా పని చేయించగలుగుతున్నారా? కాంతి వక్రీభవనానికి, రసాయన సమీకరణాల తుల్యతకు మన పాఠ్యపుస్తకంలోని తెలుగు పదాలతోనే, నెట్ లేకుండా నడిచే కృత్యాలు ఎక్కడ దొరుకుతాయో దయచేసి తెలియజేయగలరు.