వేరే సైట్ ఫోటోలు రాకపోతే మన ఫోటో ఎట్ల చూపించాలి? ఆన్‌ఎర్రర్ పెట్టినా కుదరడంల్యా

మండీ_మేనల్లుడు:
అన్నలందరికీ నమస్తే. మాది దామలచెరువు, తిరుపతిలో డిగ్రీ చదవతా ఉండా. మా మామకి మామిడి మండీ ఉంటే దానికని చిన్న సైట్ చేసినా, రకం పేరు, ఆ రోజు రేటు, పక్కన ఒక ఫోటో, అంతే. మా దగ్గర ఫోటోలు లేవని నాలుగైదు నర్సరీ సైట్ల నుంచి ఇమేజ్ లింకులు కాపీ కొట్టి డైరెక్టుగా పెట్టేసినా (తప్పేనని తెల్సు, తిట్టద్దండి). మూడు నెలలు బాగానే నడిచింది, మొన్న పొద్దున చూస్తే సగం ఫోటోలు ఎగిరిపోయి ఆ చిరిగిన కాగితం బొమ్మే కనిపిస్తా ఉంది.

సరే అని నెట్‌లో వెతికి ఇమేజ్ ట్యాగ్‌లో ఆన్‌ఎర్రర్ పెట్టినా, ఫోటో రాకుంటే నా సర్వర్‌లో ఉండే తోతాపురి ఫోటో రావాలని. ఇప్పుడు పేజీ తెరిస్తే నెట్‌వర్క్ ట్యాబ్‌లో అదే రిక్వెస్ట్ వందలసార్లు పోతానే ఉంది, ఫోన్ పెనం మాదిరి కాలతా ఉంది. ఇంకోటి, ఒక సైట్ ఫోటోలకైతే ఆన్‌ఎర్రర్ అసలు పలకడమే లేదు, "మా సైట్‌లోనే చూడండి" అని రాసిన బొమ్మ వస్తా ఉంది. మామ చూసి "ఏందిరా, మన అంగట్లో ఎవుడో బోర్డు పెట్టినాడే" అంటాడు 😭

కపిలతీర్థం_కోడర్:
తమ్ముడూ ఆ వందల రిక్వెస్టులకి కారణం నీ తోతాపురి ఫోటో కూడా దొరకకపోవడమే. అది రాలేదని మళ్ళీ ఆన్‌ఎర్రర్, మళ్ళీ అదే ఫోటో అడగడం, ఇట్లా తిరగతానే ఉంటుంది. ఆన్‌ఎర్రర్ లోపల మొదటి పనిగా దిస్ డాట్ ఆన్‌ఎర్రర్‌ని నల్ (ఖాళీ) చెయ్, మళ్ళీ పలకదు, ఆ తర్వాతే ఎస్ఆర్‌సీ (ఫోటో అడ్రస్) మార్చు. ఎస్ఆర్‌సీసెట్ (స్క్రీన్‌ని బట్టి ఎంచుకునే ఫోటోల లిస్టు) కూడా వాడుంటే దాన్నీ తీసేయాలి, లేకుంటే నువ్వు ఎస్ఆర్‌సీ మార్చినా బ్రౌజర్ పట్టించుకోదు. ఫైల్ పేరు కూడా ఒకసారి చూసుకో, విండోస్ ల్యాప్‌టాప్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా తెరుచుకుంటుంది, లైనక్స్ సర్వర్ ఎక్కించినాక ఆ తేడాకే 404 (ఫైల్ దొరకలేదు) ఇస్తుంది.

ఆ బోర్డు బొమ్మ సంగతి వేరే. వాళ్ళ సర్వర్ నీ సైట్ పేరు రెఫరర్‌లో (ఏ సైట్ నుంచి అడగతా ఉండారో బ్రౌజర్ చెప్పే చోట) చూసి అసలు ఫోటో బదులు ఆ బొమ్మ పంపిస్తాంది. బ్రౌజర్ లెక్కలో బొమ్మ వచ్చింది కాబట్టి ఎర్రరే కాదు. అంతెందుకు, 404 అని చెప్పి దాంతోపాటు నిజం బొమ్మ పంపినా బ్రౌజర్ దాన్ని చూపించేస్తుంది, ఆన్‌ఎర్రర్ రాదు. ఇమేజ్ ట్యాగ్‌లో రెఫరర్‌పాలసీకి నో-రెఫరర్ (నా సైట్ పేరు పంపద్దు అని) పెడితే కొన్ని సైట్లలో అసలు ఫోటో వచ్చేస్తుంది గానీ వాళ్ళు వద్దని తలుపేస్తే మనం కిటికీలో దూరడం ఏం మర్యాద.

రాత్రి_షిఫ్ట్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. ప్రతి ట్యాగ్‌లో రాయలేనంటే డాక్యుమెంట్ మీద ఒకే లిజనర్ (ఎర్రర్ వస్తే పలికే కోడ్) పెట్టు బ్రో, కాకపోతే ఇమేజ్ ఎర్రర్ ఈవెంట్ బబుల్ కాదు (ట్యాగ్ నుంచి పైకి డాక్యుమెంట్ దాకా రాదు), మూడో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇచ్చి క్యాప్చర్‌లో, అంటే పై నుంచి కిందికి పోయేటప్పుడే పట్టుకోవాలి, నేను ఇది తెలీక ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. స్క్రిప్ట్ హెడ్‌లోనే ఉండాలి, కింద పెడితే అది వచ్చేలోపే కొన్ని ఫోటోలు ఫెయిలై ఉంటాయి. పిక్చర్ ట్యాగ్ వాడమని ఎవరైనా చెప్తే వినద్దు, అది ఫార్మాట్, స్క్రీన్ సైజు చూసి ఎంచుకుంటుంది అంతే, ఫోటో రాలేదని ఇంకోదానికి పోదు.

చిత్తూరు_పాతకాపు:
కోడ్ సంగతి వాళ్ళు చెప్పేసినారు, నేను వేరే మాట అడగతా. రాని ప్రతి ఫోటోకీ తోతాపురి చూపిస్తే బేనీషా అని రాసిన చోట ఏం కనపడతాది? తోతాపురే కదబ్బా! చెన్నై నుంచి చూసేటోడికి అది ఫాల్‌బ్యాక్ (రాని ఫోటోకి బదులు పెట్టింది) అని ఎట్ల తెలస్తాది, కాయ మార్చి అమ్మతా ఉండారు అనుకుంటాడు. దానికన్నా ఆ చిరిగిన బొమ్మే నయం. బూడిద రంగు డబ్బా, మధ్యలో రకం పేరు, "ఫోటో లేదు" అని పెట్టు చాలు. ఎస్‌వీజీగా (కోడ్‌తో గీసే బొమ్మ) పేజీలోనే రాసేస్తే దానికి ఇంకో ఫైల్ కూడా అక్కర్లేదు, అది రాకపోవడమనే గొడవే ఉండదు. విడ్త్, హైట్ మర్చిపోవద్దు, లేకుంటే ఫోటో వచ్చినప్పుడల్లా రేట్లు కిందికీ పైకీ ఎగరతా ఉంటాయి.

అయినా మామిడి మండీ పెట్టుకోని మామిడికాయ ఫోటోకి ఊరోళ్ళ సైట్ల మీద పడ్డావే సామీ 😄 పొద్దున్నే లోడు దిగేటప్పుడు ఫోన్ ఎత్తుకోని పో.

మండీ_మేనల్లుడు:
అన్నా, ఫైల్ పేరులో టీ (T) పెద్దక్షరమే 🤦 మార్చినాక వచ్చింది, నల్ కూడా పెట్టినా. తర్వాత పాతకాపు అన్న మాటకి తోతాపురి తీసేసి డబ్బా పెట్టేసినా. ఈ పొద్దు మండీకి పోయి బేనీషా, తోతాపురి, మల్లిక తీసినా, మామ చెయ్యి అడ్డమొచ్చింది గానీ పర్వాలేదు. ఆ బోర్డు సైట్ లింకులన్నీ పీకేసినా. నీలం ఇంకా దిగలేదు, అది సీజన్ ఆఖర్లో గానీ రాదంట, అందాక దానికి బూడిద డబ్బానే.