మైనస్ 20లో కూలెంట్: ఒకటికి మూడు నీళ్లు చాలుతుందా?

డెక్కన్‌డీజిల్:
జనవరిలో షిమ్లా, కిన్నౌర్ మీదుగా హిమాచల్‌లోని కాజా వెళ్తున్నాం. డీజిల్ కారు, కూలింగ్ సిస్టమ్ మొత్తం 6 లీటర్లని మాన్యువల్‌లో ఉంది. హైదరాబాద్ షెడ్డులో ఒక వంతు కూలెంట్‌కి మూడు వంతుల నీళ్లు కలిపి పోశారు. అక్కడ రాత్రుళ్లు మైనస్ 20 దాటుతుందంటున్నారు. ఇది ఆగుతుందా? మొత్తం దింపేసి మళ్లీ నింపాలా?

లేత్‌మిషన్:
ఆగదు బ్రో. ఒకటికి మూడంటే 25 శాతం ఇథిలిన్ గ్లైకాల్ (కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే ద్రవం), అది మైనస్ 12 దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. సగానికి సగం అయితే మైనస్ 37 దాకా భయం లేదు. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. 70 శాతం దాటాక ఫ్రీజింగ్ పాయింట్ మళ్లీ పైకొస్తుంది, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13కే గడ్డ.

ఉన్నది శుభ్రంగా ఉంటే మొత్తం దింపక్కర్లేదు. 6 లీటర్లలో ఇప్పుడున్న గ్లైకాల్ లీటరున్నర, కావాల్సింది 3 లీటర్లు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి, రేడియేటర్ కింది డ్రెయిన్ నుంచి 2 లీటర్లు వదలండి. మిగిలిన 4 లీటర్లలో గ్లైకాల్ 1 లీటరు. అదే రకం కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) 2 లీటర్లు పోస్తే లెక్క సరి. హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడపండి. చల్లారాక లెవెల్ చూడండి, గాలి పోయి తగ్గి ఉంటుంది.

ఒక మెలిక ఉంది. షెడ్డులో వాడింది రెడీమిక్స్ డబ్బా అయితే ఈ లెక్క చెల్లదు. దానిలో ముందే నీళ్లుంటాయి, పైన ఇంకో మూడు వంతులంటే దాదాపు నీళ్లే.

బోరునీళ్లొద్దు:
అందుకే లెక్క ఎలా ఉన్నా రిఫ్రాక్టోమీటర్‌తో (చుక్క వేసి చూస్తే ఎంత చలికి గడ్డకడుతుందో చూపే పరికరం) చూడాల్సిందే. బండి ఒకరోజు తిరిగాక చుక్క రేడియేటర్ నుంచే తీయండి. రిజర్వ్ బాటిల్‌లోది సరిగ్గా కలిసి ఉండదు. ఇథిలిన్ గ్లైకాల్ స్కేల్ మీద మైనస్ 35 చుట్టుపక్కల చూపించాలి. రంగు చూసి రకం నిర్ణయించొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. పొంతన లేని రకాలు కలిస్తే జిగురులా మారి హీటర్ కోర్ (క్యాబిన్ హీటర్‌లోని చిన్న రేడియేటర్) మూసుకుపోతుంది. ఎప్పుడు కలిపినా డిస్టిల్డ్ వాటరే.

డెక్కన్‌డీజిల్:
ఎండాకాలంలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వనిది) తీసేశారు. అలాగే వెళ్లొచ్చా?

లేత్‌మిషన్:
వద్దు. వాల్వ్ లేకపోతే ఆ చలికి ఇంజిన్ వేడెక్కనే ఎక్కదు, హీటర్‌లో గోరువెచ్చటి గాలే వస్తుంది, డీజిల్ సరిగా మండక పొగ. కొత్త వాల్వ్, కొత్త గాస్కెట్ వేయించండి. వేడెక్కడానికి కారణం మూసుకుపోయిన రేడియేటరో, ఫ్యానో, క్యాపో అయ్యుంటుంది. ముందు అది తేల్చండి.

ఘాట్‌రోడ్డు:
ఎప్పుడైనా గడ్డకడితే స్టార్ట్ చేయకండి. నీళ్లు మంచైతే 9 శాతం ఉబ్బుతాయి. కోర్ ప్లగ్గులు (ఇంజిన్ బ్లాక్ రంధ్రాలకు బిగించే రేకు మూతలు) ఊడితే అదృష్టమే, లేదంటే బ్లాకే పగులుతుంది. వాటర్ పంపు బిగుసుకున్నప్పుడు సెల్ఫ్ కొడితే బెల్టు కీచుమంటుంది, పంపు లోపలి రెక్కల చక్రం (ఇంపెల్లర్) విరగొచ్చు. మరిగే నీళ్లూ పోయొద్దు. బండిని వెచ్చటి షెడ్డులోకి తోసి, పూర్తిగా కరిగాక లీకులు చూసుకోవాలి.

వైపర్ ట్యాంకులో మామూలు నీళ్లుంటే బయల్దేరేముందే ఖాళీ చేయండి. దింపిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకేస్తాయి. క్యాన్‌లో పట్టి మూత బిగించండి.