పాపప్ క్యాంపర్ రూఫ్ లేపడానికి కార్డ్‌లెస్ డ్రిల్ వాడొచ్చా? నా భుజం పోతోంది

నోవై_నాన్న:
అందరికీ నమస్కారం. మేం మిషిగన్‌లో నోవై దగ్గర ఉంటాం. పోయిన అక్టోబరులో సెకండ్ హ్యాండ్‌లో ఒక పాపప్ క్యాంపర్ కొన్నాం, 2005 మోడల్, రూఫ్ మీద ఏసీ కూడా ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలరే, కాకపోతే పైకప్పు పెట్టె మూతలా కిందకి దిగి ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే నాలుగు మూలలా స్తంభాలు లేచి కప్పును పైకెత్తుతాయి, మధ్యలో కాన్వాస్ గోడలు విచ్చుకుంటాయి. అమ్మినాయన ఆరడుగుల పైనే ఉంటాడు, కబుర్లు చెబుతూ ఒంటి చేత్తో తిప్పేశాడు. ఇంతేనా అనుకుని డబ్బులిచ్చి తెచ్చుకున్నాం.

ఇప్పుడు నాకు కుడి భుజం ఫ్రోజెన్ షోల్డర్, ఫిజియోథెరపీ నడుస్తోంది. మొన్న డ్రైవ్‌వేలో తీసి చూస్తే సగం లేచేసరికి చెమటలు పట్టాయి, మిగతా సగం మా ఆవిడ తిప్పింది, ఆ తర్వాత రెండ్రోజులు ఇద్దరం జెండూబామ్. మెమోరియల్ డే వీకెండ్‌కి లడింగ్టన్ స్టేట్ పార్కులో సైట్ బుక్ చేసి పెట్టుకున్నాం. మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఆయనేమో "నలుగురం తలో మూల పట్టుకుని లేపేద్దాంరా" అంటున్నారు.

వీడియోల్లో చూస్తే ఒకాయన డ్రిల్‌కి సాకెట్ (నట్‌ని పట్టుకుని తిప్పే గొట్టం ముక్క) తగిలించి చిటికెలో లేపేస్తున్నాడు. బేస్‌మెంట్ పనికని కొన్న 20 వోల్టుల డ్రిల్ నా దగ్గర ఉంది. సరిపోతుందా? ఏదైనా విరుగుతుందా? ఇంపాక్ట్ డ్రైవర్ కూడా ఉంది, అదైతే ఇంకా మంచిదా?

డల్లాస్_రోడ్డుబండి:
హ్యాపీగా వాడండి బ్రో. నేను మూడేళ్ళుగా డ్రిల్‌తోనే లేపుతున్నా, ఏం కాలేదు. ఇక్కడ టెక్సాస్ ఎండలో జులైలో చేత్తో తిప్పుతూ కూర్చుంటే క్యాంపింగ్ కాదు, నేరుగా అర్జంట్ కేరే. మొదటి గేరులో పెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. నిమిషంలో అయిపోతుంది.

గేర్‌బాక్స్_మావయ్య:
డల్లాస్ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, చాలామంది వాడుతున్నారు. కానీ డ్రిల్ సంగతి తర్వాత, ముందు మీ బండికి ఏ వించ్ (హ్యాండిల్ తిప్పితే డ్రమ్ము మీద కేబుల్ చుట్టుకుని కప్పును లేపే గేర్ల యంత్రం) ఉందో చూడండి. (నేను డెట్రాయిట్ వైపు ట్రాన్స్‌మిషన్ల పనిలో ఉన్నాను, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.)

పాపప్‌లకు ఎక్కువగా బ్రేక్ వించ్ ఉంటుంది. హ్యాండిల్ వదిలేసినా కప్పు అక్కడే ఆగుతుంది, దించాలంటే పనిగట్టుకుని వెనక్కి తిప్పాలి. దీని లోపల చాలా మోడళ్ళలో హ్యాండిల్ మొదలు షాఫ్ట్ మీద మరలాగా ఎక్కి ఉంటుంది. పైకి తిప్పినప్పుడు అది బిగుసుకుని బ్రేక్ బిళ్ళల్ని నొక్కి పట్టుకుంటుంది. అంటే ఆ హ్యాండిల్ ఊరికే తిప్పే కడ్డీ కాదు, బ్రేకులో అదొక భాగం. ఇది తెలియక కొందరు హ్యాండిల్ పీకేసి, లోపలి షాఫ్ట్‌కో దాని మీది నట్‌కో సాకెట్ తగిలించి డ్రిల్ పెడతారు. లేపేటప్పుడు బ్రహ్మాండంగా లేస్తుంది. దించేటప్పుడే అసలు కథ. నట్ ఊడి రావడమో, బ్రేక్ పట్టకపోవడమో జరుగుతుంది, అప్పుడు ఏసీతో కలిపి వందల పౌండ్ల కప్పును ఆపాల్సింది మీ చేతిలోని డ్రిల్లే.

కొన్ని వించ్‌లకు తయారుచేసినవాళ్ళే డ్రిల్ తగిలించుకోవడానికి ఆరు పలకల డ్రైవ్ ఇస్తారు. మీది అదైతే గొడవే లేదు. కాకపోతే మాత్రం వించ్ మీద స్టిక్కర్ చదవండి, చేత్తో మాత్రమే తిప్పాలి, మోటారు పెట్టొద్దు అని రాసి ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ళు ఊరికే రాయలేదు.

ఎందుకంటే లెక్క ఇది. హ్యాండిల్ 10 అంగుళాలు అనుకోండి, మీరు 20 పౌండ్ల బలం పెట్టి తిప్పితే 200 అంగుళం-పౌండ్ల టార్క్ (తిప్పే బలం) వస్తుంది. మంచి డ్రిల్ మొదటి గేరులో 400, 500 తేలిగ్గా ఇస్తుంది. కప్పు ఎక్కడో పట్టేసిందనుకోండి. చేత్తో తిప్పే మనిషి "ఇదేంటి ఇంత గట్టిగా ఉంది" అని ఆగి చూస్తాడు. డ్రిల్‌కి ఆ గోల లేదు, రెండింతల బలంతో లాగేస్తుంది, ఏది తెగితే అది తెగుతుంది. ఇంకోటి, ఆ టార్క్ అంతా తిరిగి మీ చేతి మీదకే వస్తుంది. పిడి 5 అంగుళాల దూరంలో పట్టుకుంటే 500 అంటే 100 పౌండ్ల తోపు, అదీ ఒక్క క్షణంలో. ఫ్రోజెన్ షోల్డర్‌తో ఉన్న మనిషికి ఇది సలహా ఇవ్వాలంటే నాకు భయంగా ఉంది. వాడితే మాత్రం పక్క పిడి తగిలించకుండా వాడొద్దు.

క్లచ్ రింగ్ (డ్రిల్ ముందు అంకెలుండే చక్రం, పెట్టిన బలం దాటితే జారిపోతుంది) కూడా వాడుకోండి. చాలామంది దాన్ని డ్రిల్ బొమ్మ దగ్గర పెట్టేస్తారు, అక్కడ క్లచ్ ఉండనే ఉండదు. చిన్న అంకె దగ్గర మొదలుపెట్టి కప్పు కదిలేదాకా ఒక్కో అంకె పెంచండి, ఏమైనా పట్టేస్తే క్లచ్ జారి కటకటమంటుంది, మీకు తెలుస్తుంది. ఆఖరి అంకెలోనూ కదల్లేదంటే లోపల ఏదో బిగుసుకుని ఉండొచ్చు, ఆపి చూడండి. ఇంపాక్ట్ డ్రైవర్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది సుత్తితో కొట్టినట్టు తిప్పుతుంది, గేరు పళ్ళకు మంచిది కాదు.

పైకి తిప్పేటప్పుడు టిక్ టిక్ మని వినబడాలి. ఆ చప్పుడు రాకపోతే అక్కడే ఆపండి. దించేటప్పుడు మాత్రం చేత్తోనే దించండి, కప్పు బరువంతా బ్రేక్ బిళ్ళల మీద రాపిడితో దిగుతుంది కాబట్టి డ్రిల్ స్పీడుకి అవి కాగిపోతాయి. ఎలాగూ మధ్యమధ్యలో ఆగి కాన్వాస్ లోపలికి దోపుకోవాలిగా, తొందరేముంది?

బ్రాంప్టన్_బండి:
మావయ్య గారు చెప్పిన "ఏది తెగితే అది తెగుతుంది" నా కళ్ళతో చూశాను, రాయక తప్పదు.

రెండేళ్ళ కింద అల్గాంక్విన్ పార్కు వెళ్ళాం, చేరేసరికి చీకటి, దోమలు, పిల్లలు ఆకలని ఏడుపు. రూఫ్‌ని కిందకి బిగించి పట్టే లాచ్‌లు (గడియలు) నాలుగు మూలలా ఉంటాయి కదా, అవి తీసే డ్యూటీ మా తొమ్మిదేళ్ళ వాడిది. "నాలుగూ తీశావా" అంటే "తీశా నాన్నా" అన్నాడు. తీసింది మూడు. నేను డ్రిల్ పెట్టి ఝామ్మని లేపుతున్నా, టార్చి వెలుగులో ముందు వైపు అడుగున్నర లేవడం కనిపిస్తోంది, వెనక ఎడమ మూల లేవలేదని నేను చూడనే లేదు. టప్ మని ఒక్క చప్పుడు. వెనక ఎడమ స్తంభం కేబుల్ తెగింది, కప్పు మూల వంకరపోయింది. ఆ రాత్రి గంటన్నర వెనక్కి డ్రైవ్ చేసుకుని మోటెల్‌లో పడుకున్నాం. బాగు చేయడానికి నాకు మూడు శనివారాలు పట్టింది, ఆ మూల ఇప్పటికీ వాన పడితే కారుతుంది.

చేత్తో తిప్పి ఉంటే మూడో చుట్టులోనే తెలిసేది. వాణ్ణి ఏమీ అనలేదు, చూడాల్సింది నేను. ఇప్పుడు హ్యాండిల్ పట్టుకునే ముందు చుట్టూ తిరిగి నాలుగు లాచ్‌లనూ చేత్తో తడుముతాను, మా ఆవిడ "ప్రదక్షిణం అయిందా" అని ఎగతాళి చేస్తుంది.

పై హద్దు కూడా జాగ్రత్త. కొన్ని బండ్లకు మూలన సన్నటి తీగ ఉంటుంది, అది బిగిసిందంటే ఆపాలి. డ్రిల్ మీద ఉంటే ఆ తీగ ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు దాటిపోయిందో తెలీదు. వాడేవాళ్ళు చివరి జానెడు చేత్తో తిప్పుకోండి.

డల్లాస్_రోడ్డుబండి:
అమ్మో. సరే, నేను కూడా ఈసారి ప్రదక్షిణం చేస్తా. నిజం చెప్పాలంటే మూడేళ్ళలో లాచ్‌లు ఒక్కసారి కూడా రెండోసారి చూసుకోలేదు.

పుల్లట్టు_క్యాంపింగ్:
నేను 5 అడుగుల 1 అంగుళం, మా ఆయనకి వీకెండ్ డ్యూటీలు, చాలాసార్లు పిల్లల్ని వేసుకుని నేనొక్కదాన్నే వెళ్తా. కాబట్టి నా మాట కూడా వినండి.

నోవై గారూ, సగం తిప్పేసరికి ఇద్దరికీ చేతులు పడిపోయాయంటే అది మీ భుజం సమస్య ఒక్కటే కాదు. 20 ఏళ్ళ బండి, మధ్యలో ఎవరూ నూనె చుక్క వేసి ఉండరు. డ్రిల్ పెడితే ఆ బిగుతు పోదు, మీకు తెలియకుండా పోతుంది అంతే. ముందు సర్వీసు చేయండి. కప్పు పూర్తిగా లేపి, నాలుగు స్తంభాల్లో గొట్టంలోంచి గొట్టం జారే చోటల్లా గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టి, రెండుసార్లు దించి లేపి, మళ్ళీ కొట్టండి. ఇంట్లో ఉంది కదా అని డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) మామూలు డబ్బా వాడకండి, దానికి దుమ్మంతా అంటుకుని రెండు ట్రిప్పులకి అట్లకాడకి పట్టిన జిడ్డులా తయారవుతుంది. వించ్ గేరు పళ్ళకు కాస్త గ్రీజు పెట్టండి, కానీ బ్రేక్ బిళ్ళలకు గ్రీజు, స్ప్రే ఒక్క చుక్క తగిలినా ప్రమాదం. నా బండి మొదటిసారి ఇలా చేసినప్పుడు రెండు చేతులతో వేలాడి తిప్పేదాన్ని ఒంటి చేత్తో తిప్పా.

రూఫ్ మీద నీళ్ళు, ఆకులు నిలిచి ఉంటే ముందు ఊడ్చేయండి. సైకిళ్ళు పైన పెట్టుకునేవాళ్ళు అవి దించాకే లేపాలి.

డ్రిల్ నేనూ వాడతా, రూఫ్‌కి కాదు, బండి ఊగకుండా కింద నాలుగు మూలల్లో ఉండే స్టెబిలైజర్ జాకులకు. ముప్పావు అంగుళం సాకెట్ ఒకటి కొనుక్కుంటే చాలు, వంగి మోకాళ్ళ మీద తిప్పే బాధ తప్పుతుంది. అవి నేలకు ఆని కాస్త బిగిస్తే సరిపోతుంది, వాటితో బండిని పైకి లేపాలని చూడకండి, అవి వంగుతాయి.

ఇంకోటి, లేచాక నాలుగు స్తంభాల పక్కనా కప్పు ఎత్తుకు కోసిన పీవీసీ గొట్టాలు, నిలువునా చీల్చినవి, తొడుగుతా. ఏ కేబుల్ తెగినా కప్పు పిల్లల మీదకి రాకూడదని. లేపేటప్పుడూ దించేటప్పుడూ లోపల ఎవరూ ఉండకూడదన్నది మా ఇంట్లో రూలు, ఎవరికీ మినహాయింపు లేదు, కుక్కకి కూడా.

నోవై_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం, అప్‌డేట్ రాస్తున్నా.

మావయ్య గారూ, మాది హ్యాండిల్ మర మీద బిగించిన రకమే. స్టిక్కర్ సగం చిరిగిపోయింది కానీ "చేత్తో మాత్రమే" అన్న ముక్క మిగిలింది. కాబట్టి రూఫ్‌కి డ్రిల్ ఆలోచన అక్కడితో సరి. పుల్లట్టు గారు చెప్పినట్టు సిలికాన్ స్ప్రే, గ్రీజు అన్నీ చేశాం, తేడా బాగా తెలిసింది, మా ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆగి మొత్తం లేపేసింది. కానీ వెనక కుడి మూల మిగతా మూడింటికంటే రెండంగుళాలు తక్కువలో ఆగుతోంది.

అప్పుడు మా నాన్న రంగంలోకి దిగారు. ఆయన రైసుమిల్లులో 30 ఏళ్ళు చేశారు. పాత లుంగీ ముక్క ఒకటి అడిగి, గ్లవ్స్ తొడుక్కుని, బండి పక్కన చాప వేసుకుని పడుకుని ఆ మూలకి వెళ్ళే కేబుల్ మీద గుడ్డని మెల్లగా జరుపుకుంటూ పోయారు. రెండు చోట్ల గుడ్డ చిక్కుకుంది. టార్చి వేసి చూస్తే పోగులు తెగి సూదుల్లా పైకి లేచి ఉన్నాయి, ఒక చోట అయిదారు. కంటికి ఊరికే చూస్తే తుప్పులో కలిసిపోయి అసలు కనపడవు. దీని మీదా నేను డ్రిల్ పెడదామనుకున్నది.

లడింగ్టన్ మానుకోలేదు, ఈసారికి టెంట్ వేస్తాం. కేబుల్ ఒక్క ఆ మూలకే మార్చాలా, నాలుగూ మార్చాలా?

గేర్‌బాక్స్_మావయ్య:
నాలుగూ మార్చండి, వించ్ నుంచి వచ్చే ప్రధాన కేబుల్ కూడా. అన్నీ ఒకే వయసువి, ఒకటి పోయిందంటే మిగతావి వెనకే ఉన్నాయి. పాతదాని మందమే తీసుకోండి, ఎక్కువ బలమని లావుది కొంటే పుల్లీ గాడిలో కూర్చోదు. పని మొదలుపెట్టే ముందు కప్పు కింద నాలుగు వైపులా కర్రలు నిలబెట్టి కట్టండి, ఊరికే ఆనించి వదిలేయకండి. కొత్త కేబుల్ ఎక్కించాక కప్పు పూర్తిగా దిగినప్పుడు కూడా వించ్ డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు మిగలాలి. బరువు మోయాల్సింది ఆ చుట్ల పట్టు, కొసన ఉన్న బోల్టు కాదు.

నోవై_నాన్న:
మూడు చుట్లు. ఇది చదివి వినిపిస్తే మా నాన్న "మిల్లులో మేం నాలుగు ఉంచేవాళ్ళం" అన్నారు. నాలుగే ఉంచుతున్నాం.