మూడు నెలల క్లోజర్ కోసం గ్లేబర్ టోరెస్‌ను ఇచ్చేయడం సబబేనా?

నేపర్‌విల్_నాని
2025 జూలై 31న బేస్‌బాల్‌లో పాడ్రేస్ వాళ్లు క్లోజర్ మేసన్ మిల్లర్ కోసం పద్దెనిమిదేళ్ల లియో డి వ్రీస్‌ను అథ్లెటిక్స్‌కి ఇచ్చేసినప్పుడు నాకు 2016 నాటి కడుపుమంట మళ్లీ మొదలైంది. ఆ ఏడాది జూలై 25న మన షికాగో కబ్స్ క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్ కోసం న్యూయార్క్ యాంకీస్‌కి నలుగురిని ఇచ్చారు: ఇన్‌ఫీల్డర్ టోరెస్, బిల్లీ మెకినీ, రషాద్ క్రాఫర్డ్, ఆడమ్ వారెన్. చాప్‌మన్ కాంట్రాక్టు ఆ సీజన్‌తోనే సరి. అయిపోగానే ఐదేళ్లకు 86 మిలియన్ డాలర్లు తీసుకుని తిరిగి యాంకీస్‌కే వెళ్లిపోయాడు. అంటే వాళ్లకు వాళ్ల క్లోజర్ దక్కాడు, టోరెస్ కూడా దక్కాడు. ఆ కుర్రాడు 2018లో, 2019లో ఆల్‌స్టార్, 2019లో 38 హోమర్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. రిలీవర్ (గేమ్ మధ్యలో వచ్చే పిచ్చర్) ఎంత గొప్పవాడైనా ఏడాదికి అరవై డెబ్భై ఇన్నింగ్స్ వేస్తాడు, ఇన్‌ఫీల్డర్ రోజూ ఆడతాడు. ట్రేడ్ డెడ్‌లైన్ (ఆటగాళ్లను మార్చుకునే గడువు) టెన్షన్‌లో టాప్ ప్రాస్పెక్ట్‌ను (ఎదుగుతున్న కుర్రాణ్ని) రిలీవర్ కోసం ఇవ్వడం తప్పు, అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

రిగ్లీ_రాజు
108 ఏళ్లు నాని. 1908 తర్వాత మళ్లీ 2016లోనే వరల్డ్ సిరీస్ గెలిచాం. ఇంకేం కావాలి?

గుంటూరు_గూగ్లీ
బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నా అన్నా. క్లోజర్ అంటే మన డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడేనా?

సౌత్‌సైడ్_శ్రీను
దాదాపు అంతే తమ్ముడూ. కానీ ఇక్కడ ఒకసారి పిచ్చర్‌ను మార్చి బయటికి పంపారంటే ఆ గేమ్‌లో మళ్లీ రానివ్వరు. అందుకే ఎవర్ని ఎప్పుడు దింపాలన్నదే మేనేజర్‌కి పెద్ద తలనొప్పి.

నేపర్‌విల్_నాని
రాజు గారూ, గెలిచాం కాబట్టి చేసిందంతా కరెక్టే అంటే ఇక మాట్లాడుకోవడానికేముంది? క్లీవ్‌లాండ్‌తో వరల్డ్ సిరీస్ ఆరో గేమ్ సంగతి చెప్పండి. ఏడో ఇన్నింగ్స్‌లో 7-2తో ముందున్నాం. ఐదు పరుగుల ఆధిక్యంలో చాప్‌మన్‌ను ఎవరైనా దింపుతారా? మన మేనేజర్ మాడన్ దింపాడు. పైగా తొమ్మిదో ఇన్నింగ్స్ పైభాగంలో (మన బ్యాటింగ్‌లో) మన రిజ్జో హోమర్ కొట్టి 9-2 అయ్యాక కూడా మళ్లీ అతన్నే పంపాడు! 20 పిచ్‌లు (బంతులు) వృథా. అంతకుముందు ఐదో గేమ్‌లోనే 42 వేశాడు. ఏడో గేమ్‌కి వచ్చేసరికి చేయి అలసిపోయింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు, బేస్ మీద ఒకడు, స్కోరు 6-3. గయర్‌కి డబుల్ ఇచ్చాడు, వెంటనే రాజయ్ డేవిస్‌కి హోమర్. 6-6. తర్వాత చాప్‌మన్ తానే ఆరో గేమ్‌లో తనను వాడిన తీరు నచ్చలేదని బయటికి చెప్పాడు.

రిగ్లీ_రాజు
అది మాడన్ తప్పు, ట్రేడ్ తప్పు కాదు. నువ్వు రెండూ కలిపేస్తున్నావు.

ఐదో గేమ్ గురించి ఒక్క ముక్క అని వదిలేశావే? సిరీస్‌లో 1-3తో వెనకబడి ఉన్నాం, ఓడితే ఇంటికి. 3-2 స్కోరు మీద ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి ఎనిమిది అవుట్లు తీశాడు. 1945 తర్వాత రిగ్లీలో కబ్స్ గెలిచిన మొదటి వరల్డ్ సిరీస్ గేమ్ అది. ఆ ఎనిమిది అవుట్లు టోరెస్ తీసేవాడా? అప్పటికి అతను ఇంకా మైనర్స్‌లో (కింది స్థాయి లీగ్‌లలో) ఉన్నాడు. ఆగస్టులో మన రిలీవర్లలో స్ట్రాప్‌కి మోకాలు, రాండన్‌కి చేయి దెబ్బతిన్నాయి, మనకు ఇంకెవరున్నారు? రెగ్యులర్ సీజన్‌లో కూడా చాప్‌మన్ మనకు 28 గేమ్‌లు ఆడి 16 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ముగించిన గేమ్‌లు) తెచ్చాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు) 1.01.

నేపర్‌విల్_నాని
ఎవరున్నారా? మైక్ మాంట్‌గోమరీ! చాప్‌మన్‌కి ఐదు రోజుల ముందు, జూలై 20న, సియాటిల్ నుంచి తెచ్చారు. మన దగ్గర ఆడే చోటు లేని వోగెల్‌బాక్‌ను ఇస్తే వచ్చాడు. వరల్డ్ సిరీస్ చివరి అవుట్ అతనిదే, మేజర్ లీగ్‌లో అతని మొదటి సేవ్ కూడా అదే. చౌకగా తెచ్చినవాడు పని ముగించాడు, టోరెస్‌ను ఇచ్చి తెచ్చినవాడు ఆధిక్యం పోగొట్టాడు.

రిగ్లీ_రాజు
మాంట్‌గోమరీ రెండు పిచ్‌లు వేశాడు నాని, రెండే. దానికి ముందు డేవిస్ హోమర్ దెబ్బ తిన్న తర్వాత కూడా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చి ముగ్గురిని వరసగా అవుట్ చేసింది ఎవరు? ఏడో గేమ్ విన్నింగ్ పిచ్చర్ ఎవరు? చాప్‌మనే కదా.

ఎడిసన్_మెట్స్
మా మెట్స్ 2025లో హెల్స్‌లీ, రోజర్స్, సోటో అని ముగ్గురు రిలీవర్లను తెచ్చుకుని ఆఖరి రోజు ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. నా ఓటు నానికే.

సౌత్‌సైడ్_శ్రీను
అసలు మీ కబ్స్ చేసిన తప్పు ట్రేడ్ 2017లోది. పిచ్చర్ కింటానా కోసం మా వైట్‌సాక్స్‌కి ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్ ఇద్దరినీ ఇచ్చారు. దాని గురించి మాట్లాడరేం?

నేపర్‌విల్_నాని
శ్రీను, దానికి వేరే థ్రెడ్ పెడదాం.

రాజు గారూ, నాకు ఇది లెక్కల విషయం మాత్రమే కాదు. ఒక కంపెనీలో నాలుగేళ్లు ఒక సిస్టమ్ మీద పనిచేశాను, రాత్రి రెండింటికి ఫోన్ మోగినా లేచి చూసేవాణ్ని. గో-లైవ్‌కి మూడు నెలల ముందు మేనేజర్ ఎక్కువ రేటుకి ఒక కాంట్రాక్టర్‌ను తెచ్చాడు. అంతా అయ్యాక కాన్ఫరెన్స్ రూమ్‌లో కేక్ తెప్పించి కత్తి అతని చేతికిచ్చారు. నేను తలుపు పక్కన పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. తర్వాతి నెలలో అతను వెళ్లిపోయాడు, ఆ తర్వాతి నెలలో నన్ను తీసేశారు. సొంతంగా పెంచుకున్న మనిషికి విలువ ఇవ్వని చోట నాకు మనసొప్పదు.

రిగ్లీ_రాజు
నీకు జరిగింది అన్యాయమే తమ్ముడూ. కానీ టోరెస్‌కి అన్యాయం జరగలేదు, యాంకీస్‌లో స్టార్ అయ్యాడు.

నా సంగతీ విను. ఆ నవంబర్‌లో మా నాన్న తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. రూల్స్ ఒక్కటీ తెలియదు. డేవిస్ బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటగానే నేను రిమోట్ సోఫా మీద పడేశాను. ఆయన రిమోట్ తీసి నా ఒళ్లో పెట్టి, "ఆట అయిపోయిందా? లేదు కదా, కూర్చో" అన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యాక వాన, 17 నిమిషాలు ఆపారు. ఆ టైములో లేచి వెళ్లి అల్లం దంచి టీ పెట్టారు. చివరి అవుట్‌కి మన బ్రయంట్ బంతి అందుకుని, కాలు జారుతూ, నవ్వుతూ రిజ్జోకి విసిరినప్పుడు పదకొండున్నర దాటింది. మా నాన్న గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. 2020లో పోయారు. ఆ ట్రేడ్ తప్పని ఎవరన్నా నాకు కోపం వస్తుంది, దాచను.

నేపర్‌విల్_నాని
మీ నాన్నగారి జ్ఞాపకాన్ని నేనేమీ అనడం లేదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని వాదిస్తే నేనేం చెప్పాలి?

రిగ్లీ_రాజు
అడ్డం పెట్టుకోవడమా? నీ కేక్ కథ వాదన, మా నాన్న సంగతి అడ్డమూనా? ఏం మాట్లాడుతున్నావ్!

లక్ష్మి_ఆరోరా
పొద్దుట్నుంచి చదువుతున్నాను. ఇంత థ్రెడ్‌లో పిచ్‌ల లెక్క ఉంది, అసలు మాట ఒక్కరూ అనలేదు. 2015 అక్టోబర్‌లో చాప్‌మన్ మీద గృహహింస ఆరోపణ వచ్చింది. పోలీసులు కేసు పెట్టలేదు, నిజమే. కానీ లీగ్ విచారించి 2016 సీజన్ మొదట్లో 30 గేమ్‌లు సస్పెండ్ చేసింది. గృహహింస మీద లీగ్ తెచ్చిన కొత్త పాలసీ కింద మొదటి సస్పెన్షన్ అది. డాడ్జర్స్‌కి వెళ్లాల్సినవాడు ఆ ఆరోపణ వల్లే ఆగిపోయాడు, యాంకీస్‌కి చౌకగా దొరికాడు. మన టీమ్ అంతా తెలిసే కొనుక్కుంది. ఆ జూలైలో నేను నా కబ్స్ టోపీ అలమార పైఅరలో పెట్టేశాను. అక్టోబర్‌లో టీవీ మాత్రం చూశాను. ఈ రెండూ నిజమే.

నేపర్‌విల్_నాని
లక్ష్మి గారూ, మీరు రాశాక చాలాసేపు కూర్చున్నాను. నాకూ మొదట గుచ్చుకుంది అదే. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. రేడియోలో విని, "అతను మన టీమా నాన్నా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం అడగలేదు, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. టోరెస్ లెక్కలు చెప్పడం తేలిక, అందుకే ఇన్నేళ్లూ అవే చెప్తున్నాను.

రిగ్లీ_రాజు
మరి ఆ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది కదా. దానికి నా దగ్గర జవాబు లేదు. చాప్‌మన్ లేకుండా ఐదో గేమ్ దాటేవాళ్లం కాదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇందాక అరిచినందుకు ఏమీ అనుకోకు.

గుంటూరు_గూగ్లీ
లక్ష్మి గారూ, ఆ టోపీ మళ్లీ పెట్టుకున్నారా?

లక్ష్మి_ఆరోరా
డిసెంబర్‌లో. అతను యాంకీస్‌కి సంతకం చేశాక.