మూడు ఓటీలు (ఆపరేషన్ థియేటర్లు) ఉన్నా రోజూ చివరి కేసులు రేపటికి వాయిదా పడుతున్నాయి, లిస్ట్ ఎలా వేయాలి?

ఓటీ సిస్టర్:
అందరికీ నమస్తే. నేను ఓటీ ఇన్‌ఛార్జ్‌ని, మాది ఓటీకొకటి చొప్పున మూడు ఆపరేషన్ టేబుళ్లున్న ఆస్పత్రి. లిస్ట్‌లో మొదటి కేసు 9కి అని ఉంటుంది, కోత పెట్టేసరికి పదిన్నర. మధ్యలో ఎమర్జెన్సీ సిజేరియన్ వస్తే ఏదో ఒక టేబుల్ ఇవ్వాల్సిందే కదా, దాంతో వెనకవన్నీ జరిగి జరిగి సాయంత్రానికి ఒకటో రెండో కేసులు రేపటికి పోతాయి. మొన్న తుంటి విరిగిన పెద్దావిడ, రాత్రి ఎనిమిదింటికి తిన్న మనిషి, మర్నాడు నాలుగున్నర దాకా గౌను వేసుకుని స్ట్రెచర్ మీదే ఉంది. పెదాలు ఎండిపోతే తడిగుడ్డ అద్దాను. ఇవాళ అవ్వదమ్మా అని చెప్పాల్సింది కూడా నేనే. "రేపైనా చేస్తారా తల్లీ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేనేజ్‌మెంట్ ఇంకో ఓటీ కడతామంటోంది, ఉన్నవే సరిగ్గా వాడట్లేదని నా బాధ. దీన్ని దారిలో పెట్టినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

మత్తు డాక్టర్:
సిస్టర్, ముందు ఆవిడ సంగతి. మామూలు పేషెంట్‌కి తేలికపాటి తిండి 6 గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లయితే 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. వార్డులో మూడో కేసుక్కూడా రాత్రి నుంచే నోటికేం ఇవ్వొద్దని రాసేస్తారు, మీ అనస్థీషియా వాళ్లతో మాట్లాడి అది మాన్పించండి. ఇక లేటు గురించి, రెండు వారాలు ఒక రిజిస్టర్ పెట్టి పేషెంట్ లోపలికొచ్చిన టైమ్, మత్తు, కోత, బయటికెళ్లిన టైమ్ రాయండి. మేం కూడా సర్జన్ల వల్లే లేటు అనుకునేవాళ్లం, తీరా రాసి చూస్తే పీఏసీ (మత్తు ఇచ్చే ముందు చేసే చెకప్) కాలేదు, షుగర్ ఎక్కువుంది, బ్లడ్ రెడీగా లేదు, ఆరోగ్యశ్రీ అప్రూవల్ రాలేదు, ఇవే ఎక్కువ. ముందురోజు 4 గంటలకల్లా ఈ నాలుగూ క్లియర్ కాని కేసు లిస్ట్‌లో వేయం అన్నాం. మొదట్లో గొడవైంది, తర్వాత అలవాటు పడ్డారు.

ఆపరేషన్స్ మేనేజర్:
అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సెయింట్ జాన్స్ అని 32 ఓటీల ఆస్పత్రి ఉండేది. అన్నీ నిండిపోయి మీలాగే అవస్థపడుతుంటే ఒక ఓటీని ఎమర్జెన్సీలకే వదిలేశారు. ఉన్నవే చాలట్లేదంటే ఒకటి తీసేస్తారా అని సర్జన్లు మండిపడ్డారు, కానీ చేసే సర్జరీలు 5 శాతం పెరిగాయి, ఎందుకంటే మిగతా లిస్టులు చెదరడం ఆగింది.

ఓటీ సిస్టర్:
సర్, మాకున్నవే మూడు. ఒకటి ఖాళీ పెడతానంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆపరేషన్స్ మేనేజర్:
రోజంతా వద్దమ్మా. మూడో టేబుల్ మీద పొద్దున హెర్నియా, హైడ్రోసీల్ లాంటివి వేసి 12 తర్వాత ఎవరి కేసూ లిస్ట్‌లో వేయకండి. ఎమర్జెన్సీ రాకపోతే నీళ్లు తాగుతూ రెడీగా ఉన్న ఒక చిన్న కేసు తీసుకోవచ్చు. ఇంకోటి, కేసుకి ఎంతసేపు పడుతుందని సర్జన్‌ని అడక్కండి, గంట అంటారు, రెండు గంటలవుతుంది. అదే సర్జన్ చేసిన అదే ఆపరేషన్ పాత పది టైములు రిజిస్టర్‌లోంచి తీసి సగటు వేయండి.

థియేటర్ టెక్నీషియన్:
మేడమ్, లోపల కుట్లు మొదలవగానే తర్వాతి పేషెంట్‌ని పిలవాలండి, టేబుల్ కడిగాక వార్డుకి ఫోన్ చేస్తే అరగంట పోయినట్టే. పరికరాల సెట్లు కూడా చూసుకోండి, ల్యాప్ (చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీ) కేసులు వరసగా మూడు వేస్తే మూడోది ఆటోక్లేవ్ (పరికరాలు స్టెరిలైజ్ చేసే మెషిన్) దగ్గరే ఆగిపోతుంది, మధ్యలో ఒక ఓపెన్ (మామూలుగా కోసి చేసే) కేసు వేయండి. మీకు ల్యాప్ సెట్లు ఎన్నున్నాయి?

ఓటీ సిస్టర్:
రెండే తమ్ముడూ. నిన్న వరసగా నాలుగు ల్యాప్ కేసులు లిస్ట్‌లో వేశారు. సోమవారం నుంచి రిజిస్టర్ మొదలుపెడుతున్నా, రెండు వారాలయ్యాక ఆ టైములు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.