చెప్పకుండా తిండిలో మందు కలపడం తప్పా?

తమ్ముడి అక్క:
మా తమ్ముడికి 26 ఏళ్లు, స్కిజోఫ్రీనియా. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నాయని రాత్రంతా గోడతో గొడవపడేవాడు. మాత్ర ఇస్తే "నాకు జబ్బు లేదు, నీకే ఉంది" అనేవాడు. చివరికి అమ్మ రిస్పెరిడోన్ చుక్కలు మజ్జిగలో కలపడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో మనిషి మనిషయ్యాడు, ఇప్పుడు షాపుకి కూడా వెళ్తున్నాడు. మా ఆయన మాత్రం ఇది మోసం అంటున్నారు. మీరేమంటారు?

గోదావరి గట్టు:
మోసం కాదమ్మా. మా అబ్బాయిని నలుగురు పట్టుకుని ఆటోలో కుక్కి ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు ఇంకా నా కళ్ల ముందే ఉంది. దానికంటే చారులో కలిపిన మాత్ర వెయ్యి రెట్లు నయం. జబ్బు ఉందన్న ఎరుకనే తినేసే జబ్బు ఇది. వాళ్లు ఒప్పుకునే దాకా ఆగితే బిడ్డ దక్కడు.

పదకొండేళ్ల మాత్ర:
నేను పేషెంట్‌ని. నాకూ ఇంట్లో కలిపారు. అప్పట్లో నా భయమే అది, అన్నంలో ఏదో పెడుతున్నారని. అమ్మ ముందు తను తిని చూపించేది, ఒట్టు వేసేది. ఒకరోజు పప్పు డబ్బా వెనక సీసా దొరికింది. డాక్టరు భ్రమ అన్నదే నిజమని తేలితే ఎలా ఉంటుందో ఆలోచించండి. నాలుగు నెలలు ఇంట్లో వండింది ముట్టలేదు. అరటిపళ్లు, సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్లతో బతికాను.

ఇప్పుడు ఈ జబ్బుకే ఇచ్చే ఒలాంజపిన్ మాత్ర నా చేత్తో నేనే వేసుకుంటున్నాను, ఇష్టమై కాదు. 14 కిలోలు పెరిగాను. ఎంత తిన్నా ఆకలే. పొద్దున పది దాకా తల దిమ్ముగా ఉంటుంది. గొంతులు పూర్తిగా పోలేదు, పక్కింటి టీవీలా దూరం జరిగాయి. ఆ కాస్త దూరం ఉంటే డ్యూటీ చేసుకోగలను, అందుకే వేసుకుంటున్నాను. "జబ్బుందని ఒప్పుకో" అన్నవాళ్ల మాట ఏనాడూ వినలేదు. "నిద్ర పడుతోందా?" అని అడిగిన డాక్టరు దగ్గరే మొదటిసారి మాత్ర తీసుకున్నాను.

గోదావరి గట్టు:
నీ బాధ అర్థమైంది బాబూ. కానీ ఆ డాక్టరు మాట వినే స్థితికి నువ్వు రావడానికి మీ అమ్మ కలిపిన మందే కారణం కాదా?

పదకొండేళ్ల మాత్ర:
కొంత అయ్యుండొచ్చమ్మా. ఆ మాట కాదనలేను.

సైకియాట్రీ పీజీ:
మందు మానేసేది జబ్బు తెలియనివాళ్లే అనుకోకండి. స్కిజోఫ్రీనియా మందుల మీద 2005లో అమెరికాలో వెలువడిన కేటీ (CATIE) అధ్యయనంలో అందరూ ఒప్పుకుని చేరినవాళ్లే. అయినా 74 శాతం మంది 18 నెలలు నిండకముందే ఇచ్చిన మందు ఆపేశారు.

అక్కగారూ, రిస్పెరిడోన్‌తో కొందరికి చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. మందు తీసుకుంటున్నానని తెలియని మనిషికి ఎవరో తన ఒంటిని ఆడిస్తున్నట్టే అనిపిస్తుంది. అలాగని రేపే ఆపేయకండి, తిరగబెడుతుంది. ముందు మీ డాక్టరుతో మాట్లాడండి, తమ్ముడు నిలకడగా ఉన్న ఈ రోజుల్లోనే అతనికి చెప్పండి. రోజూ మాత్ర వద్దంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మళ్లీ బాగోలేకపోతే తనకు ఏ వైద్యం చేయాలో, ఏది వద్దో అతనే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషినీ ఎంచుకోవచ్చు.

పదకొండేళ్ల మాత్ర:
ఆ కాగితం నేను రాశాను. తిరగబెడితే ఇంజెక్షన్ ఇవ్వండి, తిండిలో మాత్రం ఏమీ కలపొద్దు అని. నా తరఫున మాట్లాడే మనిషిగా అమ్మ పేరే పెట్టాను.

తమ్ముడి అక్క:
ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. ఏడ్చింది. "చెప్తే ఇక నా చేతి ముద్ద తింటాడా?" అంటోంది. ఏం చెప్పాలో తెలియలేదు. పోయిన వారం తమ్ముడు గ్లాసు పట్టుకుని "అక్కా, నా చేయి ఎందుకు వణుకుతోంది?" అని అడిగాడు. చలికి అని చెప్పాను. శనివారం డాక్టరు దగ్గరికి ముందు నేనూ అమ్మా వెళ్తున్నాం.