కార్తీక వానలకు ముందే నారు నాటాలా, డిసెంబరు దాకా ఆగాలా?

కావలి పెరడు:
4 సెంట్ల పెరడు. వంగ, టమాటా, కాలీఫ్లవర్, కాస్త ఆకుకూర. దసరా దాటగానే నాటమని కొందరు, తుపాన్లు పోయేదాకా నారే పోయొద్దని కొందరు. ఏది నిజం? ఎందుకో కూడా చెప్పండి.

ఉదయగిరి ఎర్రనేల:
ముందే. కాలీఫ్లవర్‌తో లెక్కేసుకోండి. నారుకు 25 రోజులు, నాటినాక ముందస్తు రకానికి 60–70. అక్టోబరు రెండో వారంలో నాటితే డిసెంబరులో పువ్వు చేతికొస్తుంది. డిసెంబరు 15న నాటితే పువ్వు కట్టేది ఫిబ్రవరిలో. అప్పటికి మనకి పగలు 32 డిగ్రీలు. పువ్వు బిగువు తప్పి పైన బియ్యపు గింజలు చల్లినట్టు లేస్తుంది. ఇంకో మాట, స్నోబాల్ రకాల జోలికి పోవద్దు. వాటికి 10–16 డిగ్రీల చలి కావాలి. నెల్లూరులో జనవరి రాత్రి కూడా 20 దగ్గరే ఆగుతుంది. ఆకు పెరగడమే తప్ప పువ్వు కట్టదు.

ఒంగోలు నల్లరేగడి:
ఎర్రనేల లెక్క ఎర్రనేలకే చెల్లుతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరుల్లోనే పడే జిల్లా నెల్లూరు. 2021 నవంబరులో పెన్నా పొంగితే పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది, నారెంత?

రేగట్లో వాన వెలిసినాక కూడా రెండు మూడు రోజులు నీరు దిగదు. వేరుకు గాలాడదు. తడిలోనే టమాటా ఆకు వాలిపోతుంది. మనమేమో ఎండిందనుకుని నీళ్లు పెడతాం, బలం లేదనుకుని యూరియా వేస్తాం. మిగిలిన వేరు కూడా దాంతో పోతుంది. నవంబరు మధ్యలో పాలిథీన్ పట్ట కింద నారు పోసి, డిసెంబరు మొదటి పక్షంలో నాటడమే మేలు.

ఉదయగిరి ఎర్రనేల:
డిసెంబరులో తుపాను రాదని ఎవరు రాసిచ్చారన్నా? 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అప్పుడే నాటిన మొక్క కంటే, నెలన్నర వేరు దిగిన వంగే నిలబడుతుంది. పైగా వాన ఆగలేదని నాటు వాయిదా వేస్తా పోతే నారు ముదిరిపోతుంది. 30 రోజులు దాటిన కాలీఫ్లవర్ నారు నాటితే గుండీలంత పువ్వు వేసి ఆగిపోతుంది.

కొత్తపట్నం ఇసుక:
మీ ఇద్దరూ తేదీల మీద కొట్టుకుంటున్నారు, అడగాల్సింది మడి ఎత్తు. మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, మడికీ మడికీ మధ్య అడుగు వెడల్పు కాలువ. ఆ కాలువ నీళ్లు పెరడు దాటి పొయ్యే దారి ముందు చూసుకోవాలి. చాలామంది మడి ఎత్తుగా కడతారు, కాలువ చివర గోడ ఉంటుంది!

మా ఇసకలో బాధ వేరే. నీరు నిలవదు, దాంతోపాటు నత్రజనీ నిలవదు. నాటేముందు సెంటుకు 100 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి, యూరియాని నాలుగైదు దఫాలుగా కొంచెం కొంచెం వెయ్యాలి, అదీ వాన వెలిసినాకే. ఒక్కసారే వేస్తే మొదటి జల్లుకే అది వేరుకి అందకుండా కిందికి జారిపోతుంది.

ఒంగోలు నల్లరేగడి:
ఎత్తు మడి సంగతి ఒప్పుకుంటా. నారుమడికి మాత్రం అదొక్కటే చాలదు. వత్తుగా చల్లి, పైన మబ్బు పట్టిందా, రెండాకుల దశలోనే మొదలు దగ్గర నీరుపట్టి కూలిపోతాయి. అదే నారుకుళ్లు. వరసకీ వరసకీ 5–7 సెంటీమీటర్లు వదిలి పల్చగా పొయ్యండి. కనిపించిన వెంటనే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు బూజు) వేసిన మడిలో మాత్రం వెంటనే ఈ మందు పొయ్యొద్దు, ఆ మేలు బూజు కూడా చస్తుంది. రెండింటికీ మధ్య రెండు వారాలన్నా ఎడం కావాలి.

కావలి పెరడు:
మడి మునిగితే ఏం చెయ్యాలి? చిక్కుడు, ఆకుకూరల సంగతేంది?

కొత్తపట్నం ఇసుక:
ముందు నీళ్లు బయటికి తియ్యాలి. మట్టి చేతికి అంటుకోకుండా పొడిగా రాలేదాకా పార పెట్టొద్దు, తడిలో తవ్వితే గడ్డకట్టి వేరు తెగుతుంది. వేరు పనిచెయ్యదు కాబట్టి ఆకు మీద 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 5 గ్రాములు కొట్టాలి.

నాటు చిక్కుడుకి ఈ గొడవే లేదు, పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూలై, ఆగస్టుల్లోనే విత్తి పందిరికి ఎక్కించాల్సింది. ఇప్పుడు వేస్తే తీగ పెరక్కముందే పూసి, పది కాయలతో సరిపెడుతుంది. కొత్తిమీర వానలు తగ్గినాకే. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లండి, మొలక రావడానికి 8–10 రోజులు పడుతుంది.

ఉదయగిరి ఎర్రనేల:
జనవరి మంచుకి బెండ మీద బూడిద తెగులు వస్తుంది. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. పక్కనే దోస, బీర ఉంటే వాటి మీద పడనియ్యొద్దు, ఆకు మాడిపోతుంది.

ఒంగోలు నల్లరేగడి:
కావలి అన్నా, అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపు. ఒకసారి ఇంకినాక మళ్లీ నింపి, ఎంతసేపట్లో దిగిందో చెప్పు.

కావలి పెరడు:
సాయంత్రం రెండోసారి నింపితే తెల్లారినా సగం ఉంది.

ఒంగోలు నల్లరేగడి:
అయితే నీది రేగడి లెక్కే. వంగ ఎత్తు మడి మీద ఇప్పుడే పెట్టు. టమాటా నారు ట్రేల్లో పోసి డిసెంబరుకి ఉంచుకో.

ఉదయగిరి ఎర్రనేల:
టమాటాకి సరే. కాలీఫ్లవర్ డిసెంబరుకంటే నేనొప్పుకోను. దానికీ ఎత్తు మడి కట్టి ఇప్పుడే నాటాలి, లేదా ఆ చోట ముల్లంగి వేసుకోవాలి. 45 రోజుల్లో పీక్కోవచ్చు.